చెరువు ఆట డైరీ: తొమ్మిది లెవెళ్లు ఆరుగా మారిన 20 వారాలు

ఈ డైరీ 14వ వారం నుంచి మొదలవుతుంది. అంతకు ముందు చేసిన పనిలో ఇతరులకు ఉపయోగపడేది తక్కువ కనుక దాన్ని వదిలేశాను. హనుమకొండలో మా ఇంటి మేడ మీది గదిలో ఇద్దరం కలిసి ఒక ప్లాట్‌ఫామ్ ఆట తయారు చేస్తున్నాం. కోడ్ నాది, బొమ్మలు మా పిన్ని కూతురివి. ఆటలో మనం నడిపించేది ఒక నీరటిని. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు నుంచి కింది చెరువు దాకా కట్టల మీదుగా, కాలువల వెంట, మత్తడి (నిండిన చెరువు నీరు పొర్లిపోయే అలుగు) రాళ్ల మీదుగా దూకుతూ వెళ్లి, ప్రతి తూమును సరైన సమయంలో తెరవడం, మూయడం అతని పని.

పనిముట్లు: గోడో 4 ఇంజిన్, బొమ్మలకు ఏస్‌ప్రైట్, శబ్దాలకు ఆడాసిటీ, కోడ్ భద్రతకు గిట్. పరీక్షకు ఒక పాత ల్యాప్‌టాప్, 3 జీబీ మెమరీ ఉన్న ఒక ఆండ్రాయిడ్ ఫోన్. తెర 320×180 పిక్సెళ్లు, టైల్ (లెవెల్‌ను పేర్చడానికి వాడే చదరపు బొమ్మ ముక్క) 16×16.

14వ వారం ఆరంభంలో లెక్క: లెవెళ్లు 9, టైళ్లు 648, సంభాషణ వాక్యాలు 142, పని గంటలు 310.

ఘట్టం 1: డబుల్ జంప్ తీసివేత (14–16 వారాలు)

గాలిలో ఉండగా రెండోసారి దూకే సౌకర్యాన్ని మొదటి వారంలోనే పెట్టుకున్నాం. మూడో లెవెల్‌ను మా వీధి పిల్లలకు ఇచ్చి చూసినప్పుడు దాని నష్టం తెలిసింది. తూము దగ్గరకు దిగి, దాన్ని తెరిచి, నీటి మట్టం తగ్గాక బయటపడే మెట్ల మీదుగా వెళ్లాలన్నది ఆ లెవెల్ ఉద్దేశం. ఆడిన ఏడుగురిలో ఐదుగురు కట్ట మీద నుంచి రెండుసార్లు దూకి, తూమును ముట్టుకోకుండానే అవతలికి చేరారు. చెరువు ఆటలో చెరువుతో పని పడకపోవడం చిన్న లోపం కాదు. కట్ట ఎత్తు పెంచి చూశాం. ఎత్తు పెరిగితే తెరలో కట్ట తప్ప మరేమీ కనబడలేదు. అందుకని డబుల్ జంప్‌నే తీసేశాం.

తీసేయడానికి పట్టింది రెండు గంటలు. దాని వెనుక వచ్చిన తప్పును పట్టుకోవడానికి పట్టింది పదకొండు రోజులు. దీన్ని వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ తప్పు ఎవరి ప్రాజెక్టులోనైనా రావచ్చు.

గురుత్వం సెకనుకు సెకనుకు 900 పిక్సెళ్లు, జంప్ వేగం సెకనుకు 330 పిక్సెళ్లు. కాగితం మీద సూత్రం ప్రకారం ఎత్తు 330 వర్గాన్ని 1800తో భాగిస్తే వచ్చే 60.5 పిక్సెళ్లు. కానీ ఇంజిన్ కదలికను సెకనుకు 60 ముక్కలుగా లెక్కిస్తుంది కనుక నిజంగా వచ్చే ఎత్తు కోడ్‌లోని వరుసను బట్టి మారుతుంది. మా పాత కోడ్ ముందు గురుత్వాన్ని కలిపి, తరువాత జంప్ వేగాన్ని ఇచ్చి, ఆ మీదట కదిలించేది. ఆ వరుసలో మొదటి ముక్కలోనే బొమ్మ పూర్తి వేగంతో 5.5 పిక్సెళ్లు లేస్తుంది, మొత్తం ఎత్తు 63.25 అవుతుంది. డబుల్ జంప్‌ను తీసేటప్పుడు కోడ్ శుభ్రంగా ఉంటుందని జంప్ భాగాన్ని వేరే ఫంక్షన్‌లోకి మార్చి గురుత్వం కన్నా ముందు పిలిచాను. దాంతో మొదటి ముక్కలోనే గురుత్వం కొంత వేగాన్ని తినేసి, మొత్తం ఎత్తు 57.75కు పడిపోయింది. తేడా 5.5 పిక్సెళ్లు, అంటే టైల్‌లో మూడో వంతు.

మత్తడి రాళ్లను మేము టైళ్ల గీతలకు కట్టుబడకుండా, నిజమైన మత్తడిలా ఎగుడుదిగుడుగా కనబడాలని చేత్తో పేర్చాం. వాటి మధ్య ఎత్తు చాలాచోట్ల 60 నుంచి 62 పిక్సెళ్లు ఉంది. కనుక 14 చోట్ల ముందుకు వెళ్లే దారి మూసుకుపోయింది. వేళ్లు సరిగా నొక్కడం లేదేమోనని పిల్లలనే మళ్లీ మళ్లీ ఆడించాం. చివరికి బొమ్మ పాదాల ఎత్తును ప్రతి ముక్కకూ తెర మూలన అంకెగా వేసి చూసినప్పుడే విషయం బయటపడింది. పాత వరుసనే తిరిగి పెట్టాం.

ఇప్పుడు పాటిస్తున్న పద్ధతి ఇది.

1. కోడ్‌లో కదలిక భాగాన్ని ముట్టుకునే ముందు, ఖాళీ నేల మీద ఒక్క జంప్ వేయించి గరిష్ఠ ఎత్తును రాసుకోవాలి.
2. మార్పు తరువాత అదే కొలత మళ్లీ తీయాలి. కాలు పిక్సెల్ తేడా వచ్చినా కారణం తెలిసేదాకా ముందుకు పోకూడదు.
3. లెవెల్‌లో ఏ మెట్టూ గరిష్ఠ ఎత్తులో 85 శాతాన్ని మించకూడదు. మాకు అది 53 పిక్సెళ్లు.

మూడో నియమం ప్రకారం 14 చోట్లనే కాక మొత్తం 41 రాళ్లను కిందికి జరిపాం. అంచు దాటాక కూడా దూకే వీలిచ్చే గడువును 4 ముక్కల నుంచి 6 ముక్కలకు, అంటే సెకనులో పదో వంతుకు పెంచాం.

లెక్క: లెవెళ్లు 9, టైళ్లు 648, వాక్యాలు 142, గంటలు 352.

ఘట్టం 2: పారే నీరు (17–21 వారాలు)

ఈ ఆటలో అన్నిటికన్నా పెద్ద తీసివేత ఇదే, నాకు అన్నిటికన్నా బాధ కలిగించినదీ ఇదే. నీరు నిజంగా పారాలని మొదటి నుంచీ అనుకున్నాం. ప్రతి గడిలో ఎంత నీరుందో ఒక అంకె పెట్టి, అది కిందికీ పక్కలకూ పంచుకుంటూ పోయేలా రాశాను. ఒక లెవెల్ 240×60 గడులు, అంటే 14,400 గడులు. సెకనుకు 60 సార్లు లెక్కిస్తే 8,64,000 గడుల లెక్క. ఒక ఫ్రేమ్‌కు, అంటే తెరను ఒకసారి గీయడానికి, దొరికే సమయం 16.67 మిల్లీసెకన్లు. నీటి లెక్కకే ల్యాప్‌టాప్ మీద 21, ఫోన్ మీద 47 మిల్లీసెకన్లు పట్టాయి.

మొదటి ప్రయత్నంగా నీటి లెక్కను సెకనుకు 20 సార్లకు తగ్గించాం. సగటు బాగానే కనబడింది, కానీ లెక్క జరిగే ఫ్రేమ్‌లో ఆట ఒక్కసారి ఆగి కదిలేది. దూకే ఆటలో అలాంటి కుదుపు చేతికి వెంటనే తెలిసిపోతుంది. సగటు చూసి మోసపోకుండా, ప్రతి ఫ్రేమ్‌లో గరిష్ఠ సమయం చూడాలని అప్పుడు నేర్చుకున్నాం.

రెండో ప్రయత్నంలో కదులుతున్న గడులను మాత్రమే లెక్కించాం. నీరు నిలిచి ఉన్నప్పుడు ఫోన్ మీద 1.8 మిల్లీసెకన్లకు దిగింది. తూము తెరవగానే 9,000 గడులు ఒకేసారి కదిలి 29కి ఎగబాకింది. అంటే ఆటలో ముఖ్యమైన క్షణంలోనే ఆట నత్తనడక నడిచింది.

మూడోసారి, చాలా చిన్న నీటి పరిమాణాలను సున్నాగా తీసుకున్నాం. వేగం పెరిగింది గాని నీరు పోయింది. పై చెరువులో 1,000 కొలతల నీటితో మొదలుపెట్టి ఐదు నిమిషాల తరువాత అన్ని గడులనూ కలిపి చూస్తే 962 మిగిలాయి. ఆ 38 కొలతల లోటు వల్ల అట్టడుగు చెరువు ఎప్పటికీ మత్తడి దుంకలేదు. మత్తడి దుంకితేనే లెవెల్ పూర్తవుతుంది కనుక నిదానంగా ఆడిన పిల్లవాడికి ఆట ముగియనే లేదు.

21వ వారంలో దాన్ని పూర్తిగా తీసేశాం. ఇప్పుడు ఒక్కో చెరువుకు నీటి పరిమాణం ఒకే ఒక అంకె. చెరువు అడుగు వాలుగా ఉంటుంది కనుక అంత నీటికి మట్టం ఎక్కడ ఉండాలో చెప్పే 16 గీతల పట్టిక ఒక్కో చెరువుకు ఉంటుంది. తూము తెరిస్తే పై అంకె తగ్గి కింది అంకె పెరుగుతుంది. పై చెరువులో తగ్గిన మొత్తమే కింది చెరువులో కలుస్తుంది కనుక ఒక్క చుక్క పోదు. ఫోన్ మీద మొత్తం లెక్కకు పట్టేది 0.2 మిల్లీసెకన్లు. కాలువలో పారే నీరు కేవలం కదిలే బొమ్మ.

మరొక మార్పు కూడా ఇక్కడే చేశాం. తూము గుండా వచ్చే ప్రవాహం, దాని పైనున్న నీటి లోతు వర్గమూలాన్ని బట్టి ఉంటుంది. ముందు అదే సూత్రం పెట్టాను. చివరి కాస్త నీరు దిగడానికి ఆటగాడు 40 సెకన్లు నిలబడి చూడవలసి వచ్చింది. సూత్రం సరైనదే అయినా ఆటకు అది పనికిరాలేదు. ప్రవాహాన్ని ఒకే వేగానికి మార్చాక చెరువు 9 సెకన్లలో దిగుతోంది.

పారే నీటితోపాటు, దాని మీదే ఆధారపడిన కాలువ లెవెల్ కూడా పోయింది. అక్కడ మట్టితో అడ్డుకట్ట వేసి నీటిని మళ్లించాలి. మళ్లించడానికి నీరే లేనప్పుడు ఆ లెవెల్‌లో మిగిలేది నడక మాత్రమే.

లెక్క: లెవెళ్లు 8, టైళ్లు 610, వాక్యాలు 142, గంటలు 448.

ఘట్టం 3: కోట లెవెల్ (22–23 వారాలు)

వరంగల్ కోటతో ఒక లెవెల్ పెట్టడం మాకు సహజంగా తోచింది. బయట మట్టికోట, దాని లోపల రాతికోట, ముందు అగడ్త, నడుమ తోరణాలు. మా చెల్లెలు తోరణం మీది హంసను గీయడానికి మూడు సాయంత్రాలు కూర్చుంది. 16 పిక్సెళ్ల టైల్‌లో హంస ముక్కుకు దొరికేది ఒకే పిక్సెల్. దాన్ని తల రంగుకన్నా ఒక ఛాయ ముదురుగా పెడితే ముక్కులా కనబడింది, రెండు ఛాయలు ముదురుగా పెడితే రాతిలో పగులులా కనబడింది. అంత శ్రద్ధతో చేసిన పని అది. ఆ ఒక్క లెవెల్‌కే 212 టైళ్లు అయ్యాయి. తక్కిన లెవెళ్లలో దేనికీ 70 దాటలేదు.

దాన్ని తీసేయడానికి టైళ్ల సంఖ్య ఒక కారణం మాత్రమే. ఆడి చూసిన పక్కింటి పెద్దాయన ఒకటే ప్రశ్న అడిగారు: "తోరణాలు గిట్ల ఒకదాని ఎన్క ఒకటి ఉంటయా బిడ్డా?" కోటలో నాలుగు కీర్తి తోరణాలు నాలుగు వైపులా నిలిచి, నడుమ స్వయంభూ శివాలయం ఉన్న చోటును చుట్టి ఉంటాయి. ఎడమ నుంచి కుడికి పోయే ఆటలో మేము వాటిని వరుసగా గుమ్మాల్లాగా నిలబెట్టాం. చిన్నప్పటి నుంచి చూస్తున్న చోటును అలా గీయడం తప్పు. సరిగా గీయాలంటే పక్క నుంచి చూపే ఆటలో ఒక్క తోరణం తప్ప కనబడదు. పైగా ఆ లెవెల్‌లో తూము లేదు, చెరువు లేదు. నీరటికి అక్కడ పని లేదు.

కొన్ని టైళ్లనైనా వేరే చోట వాడుకోగలమా అని చూశాం. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్‌లో మేఘానికీ పొదకూ ఒకే ఆకారాన్ని రంగు మార్చి వాడారు. మొత్తం ఆట 40 కిలోబైట్లలో ఇమడాలి కనుక అటువంటి పొదుపు అవసరమైంది. మేము కూడా రాతికోట బండల టైళ్లు 20 తీసి, ఛాయ మార్చి, తూము గోడకు పెట్టి చూశాం. కోట గోడ రాళ్లు పెద్దవి, నున్నగా చెక్కినవి. ఊరి చెరువు తూము మీద అవి అతికించినట్టు కనబడ్డాయి. 212 టైళ్లూ పోయాయి.

లెవెల్‌ను తీసేశామనుకున్న మూడో రోజున ఫోన్‌లో ఆడుతుంటే, నాలుగో లెవెల్ చివర ఒక మూలన దూకితే బొమ్మ మాయమై కోటలో తేలింది. దారి తలుపు బొమ్మను చెరిపాం గాని తలుపును చెరపలేదు. 1992 నాటి సోనిక్ ద హెడ్జ్‌హాగ్ 2లో హిడెన్ ప్యాలెస్ అనే దశను విడుదలకు ముందు తీసేసినా దాని ఆనవాళ్లు మిగిలాయి, ఆటగాళ్లు ఏళ్ల తరబడి వాటి వెంట పడ్డారు. 2013లో ఫోన్లకు వచ్చిన కూర్పులో ఆ దశను పూర్తి చేసి చేర్చారు. అది చదవడానికి బాగుంటుంది. మా ఆటలో మాత్రం అటు పోయిన పిల్లవాడు తిరిగి రాలేక ఆటను మూసేయవలసి వచ్చేది. అప్పటి నుంచి ఏ లెవెల్‌ను తీసినా ఈ వరుసలోనే చేస్తున్నాం.

1. తీసే ముందు గిట్‌లో ఆ స్థితికి ఒక పేరు పెట్టి భద్రపరచాలి. "తరువాత చూద్దాం" అని ప్రాజెక్టు ఫోల్డర్‌లో ఉంచకూడదు.
2. ముందు ఆ లెవెల్‌లోకి వచ్చే తలుపులను తీయాలి. తరువాత లెవెల్‌ను, ఆ తరువాత దానికే సొంతమైన బొమ్మలను, శబ్దాలను తీయాలి.
3. ఒక్కో మెట్టు తరువాత ఆటను మొదటి నుంచి చివరిదాకా ఒకసారి ఆడాలి.
4. ప్రాజెక్టు అంతటా ఆ లెవెల్ ఫైలు పేరును వెతకాలి. ఒక్కచోట దొరికినా పని పూర్తి కానట్టే.

నాలుగో మెట్టులో మాకు ఆరు చోట్ల దొరికింది. వాటిలో ఒకటి, కోట తాళం చెవి ఉందా అని అడిగే ముసలమ్మ సంభాషణ. దాంతో కలిపి 19 వాక్యాలు తగ్గాయి.

లెక్క: లెవెళ్లు 7, టైళ్లు 398, వాక్యాలు 123, గంటలు 479.

ఘట్టం 4: తేలే ఇటుకల స్థానంలో తెప్పలు (24–25 వారాలు)

పాలంపేట రామప్ప గుడి 1213 నాటిది. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాని శిఖరానికి వాడిన ఇటుకలు నీటి మీద తేలేంత తేలికైనవి. ప్లాట్‌ఫామ్ ఆటకు ఇంతకన్నా ఏం కావాలని, చెరువు మీద తేలే ఇటుకల మీదుగా దూకే లెవెల్ చేశాం.

అందులో జంప్ ఎత్తు ఒక్కోసారి ఒక్కోలా వచ్చింది. ఇటుక 6 పిక్సెళ్ల మేర పైకీ కిందికీ, ఒకటిన్నర సెకనుకు ఒకసారి ఊగుతుంది. నడుమ దాని వేగం సెకనుకు 25 పిక్సెళ్లకు చేరుతుంది. గోడోలో బొమ్మ కదిలే వేదికను వదిలేటప్పుడు వేదిక వేగం బొమ్మ వేగానికి కలుస్తుంది, ఎవరూ మార్చకపోతే అమరిక అలాగే ఉంటుంది. అంటే ఇటుక పైకి లేస్తున్నప్పుడు దూకితే 355, కిందికి దిగుతున్నప్పుడు దూకితే 305 వేగం. కొలిస్తే ఎత్తు ఒకసారి 73, మరోసారి 54 పిక్సెళ్లు. ఆడేవాడికి ఇది తన తప్పో ఆట తప్పో తెలియదు. ఆ అమరికను "ఏమీ కలపవద్దు" అనే దానికి మార్చగానే అన్ని జంప్‌లూ 63.25కు వచ్చాయి.

కోడ్ సరైంది గాని లెవెల్ సరికాలేదు. ఆ ఇటుకలు గుడి శిఖరం బరువు తగ్గించడానికి చేసినవి. వాటిని తీసుకొచ్చి చెరువులో పడేసి, వాటి మీద కాళ్లు పెట్టి దూకించడం చూడటానికి బాగాలేదని చెల్లెలు మొదటి నుంచీ అంటూనే ఉంది. ఆమె మాటే నిజం. వాటి స్థానంలో చేపలు పట్టేవారి తెప్పలు పెట్టాం. కొత్తగా 6 టైళ్లు. ఊగే లెక్క అదే, కొలతలు అవే.

లెక్క: లెవెళ్లు 7, టైళ్లు 404, వాక్యాలు 123, గంటలు 506.

ఘట్టం 5: అక్షరాలు (26–29 వారాలు)

తెలుగులో ఆట చేసేవారు ఈ ఘట్టాన్ని తప్పక చదవాలని కోరుతున్నాను. దీని మీద ఎక్కడా వివరంగా దొరకక నాలుగు వారాలు పోయాయి.

తెర 320×180 కనుక అక్షరాలు కూడా అదే పిక్సెళ్లలో ఉండాలని సొంతంగా ఒక అక్షరమాలను గీశాం, ఒక్కో అక్షరం ఒక బొమ్మగా. మొదటి పరీక్షలోనే "మత్తడి" అన్న మాట "మత", పక్కన విడిగా ఒక పొల్లు, ఆ పక్కన "తడి" అని వచ్చింది. గోడో 4లో అక్షరాలను పేర్చే పనిని హార్ఫ్‌బజ్ లైబ్రరీ చేస్తుంది. ఏ రెండు కలిస్తే ఏ వత్తు రావాలో చెప్పే ఓపెన్‌టైప్ పట్టికలు ఫాంట్‌లో ఉంటేనే అది పేర్చగలదు. బొమ్మల వరుసగా గీసిన ఫాంట్‌లో ఆ పట్టికలు ఉండవు. ఇంగ్లిష్‌కు ఆ పద్ధతి సరిపోతుంది, తెలుగుకు సరిపోదు.

అప్పుడు అదే గీతలతో పట్టికలున్న అసలైన ఫాంట్‌ను తయారు చేయబోయాం. అక్షరం ఒళ్లు 9 పిక్సెళ్లు, పైన గుడికి 4, కింద వత్తుకు 6, మొత్తం 19. సంభాషణ పెట్టె ఎత్తు 48, అంటే రెండే వరుసలు. అదైనా సర్దుకునేవాళ్లం. కానీ ప, వ అక్షరాల మధ్య తేడా తలకట్టు ఒంటికి అంటుకుందా లేదా అన్నదే. మా ఫాంట్‌లో ఆ తేడా ఒక్క పిక్సెల్ ఖాళీ. ఫోన్ తెర మీద ఆ ఖాళీ ఉందో లేదో తెలియక, వాగు దగ్గర పెట్టిన పలకను పిల్లలు "పాగు" అని చదివారు. ఆ ఒక్క పిక్సెల్‌ను రెండు చేస్తే అక్షరం వెడల్పై "ప" రెండు ముక్కలుగా విడిపోయినట్టు కనబడింది.

మూడు వారాల తరువాత పిక్సెల్ అక్షరాలను వదిలేశాం. ఇప్పుడు ఆట 320×180లోనే గీస్తున్నా, అక్షరాల పొర మాత్రం ఫోన్ పూర్తి స్పష్టతతో వేరుగా వస్తుంది. ఉచితంగా వాడుకోగల నోటో సాన్స్ తెలుగు ఫాంట్ పెట్టాం. పిక్సెల్ బొమ్మల పక్కన నున్నని అక్షరాలు పొసగవని చెల్లెలికి ఇప్పటికీ అసంతృప్తి ఉంది. నేను చదవగలగడానికే మొగ్గు చూపాను.

దీంతో పాటు సంభాషణలనూ కోశాం. ప్రతి వాక్యాన్ని పెట్టెలో రెండు వరుసలకు మించకుండా తిరగరాస్తూ పోతే, చాలా వాక్యాలు ఎందుకున్నాయో మాకే తెలియలేదు. ఉదాహరణకు మూడో లెవెల్‌లో కింది ఊరి రైతు ముందు ఇలా అనేవాడు:

"గిప్పుడే తూము తియ్యకు బిడ్డా, కింది చెర్వు కట్టకు నిన్ననే మట్టి పోసిన్రు, అది ఇంక పచ్చిగనే ఉన్నది, నీళ్లొస్తే తెగుతది, జర రెండు దినాలు ఆగు."

ఇప్పుడు ఇలా అంటాడు:

"కట్ట పచ్చిగున్నది. ఆగు బిడ్డా."

పాత వాక్యంలో చెప్పిన కారణాన్నంతా ఇప్పుడు బొమ్మ చెబుతుంది. కట్ట మీది కొత్త మట్టి ముదురు రంగులో, తడిగా కనబడుతుంది.

లెక్క: లెవెళ్లు 7, టైళ్లు 404, వాక్యాలు 51, గంటలు 564.

ఘట్టం 6: పూలు (30వ వారం)

దారిలో ఏరుకోవడానికి నాణేల బదులు బతుకమ్మ పూలు పెట్టాం. తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలు, ఇలా తొమ్మిది రకాలు. ఎండిన చెరువుతో మొదలయ్యే మొదటి లెవెల్‌ను అమ్మ ఫోన్‌లో చూసి, "గునుగు పూసేటాల్లకు చెర్వు ఎండి ఉంటదా కొడుకా?" అని అడిగింది. వానాకాలమంతా నిండిన చెరువుల మధ్య, భాద్రపదం చివరికి వచ్చే పువ్వు అది. మృగశిర ముందరి నెర్రెలు విచ్చిన శిఖం భూమిలో, అంటే ఎండిన చెరువు అడుగు నేలలో, దాన్ని పూయించాం. చూసిన పిల్లలెవరూ అడగలేదు, నాకూ తట్టలేదు.

మొదటి నాలుగు లెవెళ్ల నుంచి పూలన్నీ తీసేశాం. ఆ చోట ఇప్పుడు ఏరుకోవడానికి ఏమీ లేదు, అందువల్ల ఆట తగ్గిందని ఎవరూ అనలేదు. చెరువులు నిండిన చివరి లెవెళ్లలో మాత్రం తంగేడు, గునుగు, బంతి ఉంటాయి. తొమ్మిది రకాల్లో తక్కిన ఆరూ 8 పిక్సెళ్లలో ఎలాగూ ఒకదానికొకటి పోలిక తెలియకుండా ఉండేవి.

లెక్క: లెవెళ్లు 7, టైళ్లు 404, వాక్యాలు 51, గంటలు 576.

ఘట్టం 7: మొసలి స్థానంలో గండి (31–33 వారాలు)

చివరి లెవెల్‌లో మొసలితో పోరాటం ఉండేది. 18 ఫ్రేముల బొమ్మ, 26 గంటల పని. పారే నీటిని తీసేసినప్పుడే అది సగం చచ్చిపోయింది, ఎందుకంటే ప్రవాహం ఎటుంటే అటు కొట్టుకువస్తూ దాడి చేయడమే దాని తీరు. నిలిచిన నీటిలో అది ఇటూ అటూ ఈదే దుంగలా తయారైంది. నిజానికి వానాకాలపు రాత్రి నీరటికి నిద్ర పట్టనివ్వనిది గండి. అందుకని మొసలిని తీసేసి, కట్టకు గండి పడటాన్నే చివరి పరీక్షగా పెట్టాం. అంతకు ముందున్న లెవెల్ కూడా అదే కట్ట మీద జరుగుతుంది కనుక రెంటినీ ఒకటిగా కలిపాం.

గండి 16 పిక్సెళ్ల వెడల్పుతో మొదలవుతుంది. ఒక ఇసుక బస్తా 12 పిక్సెళ్లు పూడుస్తుంది. మొదట గండి అర సెకనుకు ఒక పిక్సెల్ పెరిగేలా పెట్టాను. నేను ఆడినప్పుడు బస్తా తెచ్చి వేయడానికి 5 సెకన్లు పట్టింది, ఆ లోపు గండి 10 పెరిగేది, బస్తాకు 2 పిక్సెళ్లు మిగిలేవి. పిల్లలకు అదే పనికి సగటున 6.5 సెకన్లు పట్టింది. ఆ లోపు గండి 13 పెరుగుతుంది కనుక, ఎన్ని బస్తాలు వేసినా పూడదు. లెవెల్‌ను కట్టినవాడి చేతివేగంతో అంకెలు పెట్టుకోకూడదని ఇంతకు ముందే తెలిసినా ఇక్కడ మళ్లీ అదే చేశాను. పెరుగుదలను 0.7 సెకనుకు ఒక పిక్సెల్‌కు తగ్గించాక, 6.5 సెకన్లలో 9.3 పెరుగుతుంది, సరిగ్గా ఆరో బస్తాకు గండి పూడుతుంది.

గండి అవతలి నుంచి కూడా ఎవరో బస్తాలు మోస్తుంటే ఆ రాత్రి ఒంటరిగా ఉండదనిపించింది. కింది ఊరి నీరటిని గీయడానికి మాకు సమయం లేదు. 1989లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద ప్రిన్స్ ఆఫ్ పర్షియా చేసినప్పుడు జోర్డన్ మెక్నర్‌కు మరో పాత్రకు మెమరీ మిగలలేదు. నాయకుడి ఫ్రేములనే ఒక బిట్ పక్కకు జరిపి, వాటితోనే కలిపి, నీడ మనిషిని పుట్టించాడు. మేము మా నీరటి ఫ్రేములనే తిప్పి, తలపాగా రంగు మార్చి, చేతిలో కంకకట్టె బదులు లాంతరు పెట్టాం. లాంతరుకు 2 టైళ్లు, నడకకు కొత్త ఫ్రేమ్ ఒక్కటీ లేదు. పోయిన లెవెల్‌తో కలిపి చూస్తే 44 టైళ్లు తగ్గాయి.

శబ్దాల్లో ఒకటి మాత్రం పెరిగింది. మత్తడి దుంకే చప్పుడును ముందు ఆడాసిటీలో గరగర శబ్దంతో తయారు చేశాం, అది వానలా వినిపించింది గాని మత్తడిలా కాదు. ములుగు వైపు ఒక ఊరి చెరువు దగ్గర ఫోన్‌తో రికార్డు చేసి, 4 సెకన్ల ముక్కను తిరిగి తిరిగి వచ్చేలా పెట్టాం. రెండు రోజులు ఆడాక, ప్రతి 4 సెకన్లకు ఒకసారి అదే కప్ప, అదే గొంతుతో అరుస్తోందని చెల్లెలు పట్టుకుంది. కప్ప అరుపును కోసేస్తే అక్కడ నీటి చప్పుడు కూడా తెగింది. రికార్డింగ్ మొత్తాన్ని మళ్లీ విని, 23 సెకన్ల ముక్కను తీసుకున్నాం. దానిలో నాలుగు కప్పలు, దూరంగా ఒక బండి హారన్ ఉన్నాయి. హారన్‌ను తీసేశాం, కప్పలను ఉంచాం.

లెక్క: లెవెళ్లు 6, టైళ్లు 360, వాక్యాలు 48, గంటలు 616. ఫోన్ ఫైలు 96 ఎంబీ నుంచి 61 ఎంబీకి దిగింది.